తడకల మరుగు

ఆ ఎండాకాలం మా అత్త నీళ్లు తాగడం మానేసింది.

ఉపవాసం కాదు, మొక్కు కాదు, నా మీద అలక అంతకన్నా కాదు. నా మీద అలిగితే మా అత్త బీరమ్మ నీళ్లు మానుకునే రకం కాదు, నా చేత ఇంకో రెండు బిందెలు ఎక్కువ మోయించే రకం. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. పొద్దెక్కేసరికి భువనగిరి గుట్ట పెనంలా కాలిపోయేది. అంత ఎండలో ఆమె పొద్దున ఒక గుక్క, పొద్దుగూకాక ఒక గుక్క తాగి కుండ మీద మూత పెట్టేసేది. ఆమె ఒక్కతే కాదు, మా గల్లీ ఆడవాళ్లందరిదీ అదే తీరు. బావిలో నీళ్లకు కరువు లేదు. తాగాక పోవడానికే జాగా కరువు.

అది యాభై ఏడో సంవత్సరం. కొత్త జరం పట్నం నుంచి బస్సెక్కి వచ్చి మా ఊళ్లో దిగింది. చదువుకున్నవాళ్లు ఫ్లూ అన్నారు. మేము జరం అనే అన్నాం, పేరు మారిస్తే ఒళ్లు నొప్పులు తగ్గుతాయా ఏమన్నా. ప్రతి ఇంట్లో ఒకరు దుప్పటి కింద మూలుగుతూ ఉండేవారు. పదిమంది ఒకచోట చేరితే జరం పాకుతుందని మునిసిపల్ ఆఫీసు వాళ్లు టెంటు సినిమా ఆపారు, అంగడి ఆపారు. అంగడి వెనకాల ఆడవాళ్లకని కట్టిన జనానా దొడ్డికి తాళం వేశారు.

ఆ జనానా నవాబు కాలం నాటిది. పైన కప్పు లేదు, రేకు తలుపు ఒకటి, లోపల రాళ్లు పరిచి ఉండేవి. వాసన సంగతి అడగకండి. కానీ నాలుగు గోడలు నాలుగు గోడలే. పుల్లమ్మ రోజూ తెల్లారకముందే వచ్చి ఊడ్చి, ఎత్తి, గంప నెత్తిన పెట్టుకొని ఊరవతలికి మోసుకుపోయేది. సినిమా లేకపోతే బతుకుతాం, అంగడి లేకపోయినా అరువు తెచ్చుకొని బతుకుతాం. జనానా లేకుండా ఎట్లా బతకాలో ఆ ఆర్డరు రాసిన మగమహారాజుకు తట్టనే లేదు. ఎందుకు తడుతుంది? మగవాళ్లకు ఊరంతా గోడే.

మాకేమో తొలికోడికి ముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. వానాకాలమైతే జొన్న చేలు నిలువెత్తు పెరిగి మరుగు ఇస్తాయి. ఎండాకాలం చేలు అరచేతిలా ఉంటాయి, కోడిపిల్ల కూడా దాక్కోలేదు. నేను ఆ ఏడే కాపురానికి వచ్చాను. మాది అచ్చంపేట దిక్కు, నల్లమల అంచున ఊరు. అక్కడ ఆడవాళ్లం చెట్టుకొకరం పోయినా ఇంకా చెట్లు మిగిలేవి. ఇంత పెద్ద ఊళ్లో, కోట ఉన్న ఊళ్లో, చెంబు పట్టుకొని నిలబడడానికి జాగా లేకపోవడం నాకు నవ్వులాటగా ఉండేది. అత్తకు జరం వచ్చేదాకానే ఆ నవ్వు.

జరం ఆమెకు ఒక పగలు గొంగడి నేస్తూ ఉండగా వచ్చింది. మేము కురుమలం. మా ఆయన జానయ్య గొర్లను మేపుకుంటూ కృష్ణ ఒడ్డుకు వలస పోయి ఉన్నాడు, మామ లేడు, ఇంట్లో మేమిద్దరమే. నేత బిగించే పలుగు పట్టిన చెయ్యి వణకడం చూసి నేను లేవదీస్తే ఒళ్లు పొయ్యిలా ఉంది. దవాఖాన డాక్టరు గల్లీ గల్లీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చాడు. నాలుక చూశాడు, చెయ్యి మీద చర్మం పట్టి లాగి వదిలాడు. అది లేచింది లేచినట్లే నిలబడింది. ఈ జరానికి నా దగ్గర పెద్ద మందేమీ లేదమ్మా, నీళ్లే మందు, గంటకో చెంబు తాగించు, తాగకపోతే జరం కన్నా ముందు ఎండే ఈమెను తీసుకుపోతుంది అని చెప్పి పక్కింటికి పోయాడు.

నేను చెంబు నింపి తెచ్చాను. అత్త పళ్లు బిగించింది.

"తాగత్తా. డాక్టర్ చెప్పిండు గద."

"లోపలికి నువ్వు పోస్తవ్. మల్ల నేను యాడికి పోవాలె, డాక్టర్ ఇంటికా?"

ఇంట్లోనే ఒక మూల పాత కుండ పెడతానన్నాను. పెట్టాను కూడా. ఒకే గది ఇల్లు. తూర్పు మూల బీరప్ప దేవుడు, పడమటి మూల పొయ్యి. వాళ్లిద్దరి నడుమ నన్ను ఆ పని చెయ్యమంటావా అని, లేవలేని మనిషి కాలు చాపి తన్నింది. కుండ దొర్లుకుంటూ పోయి గడప దగ్గర రెండు ముక్కలైంది. జరంలో అంత బలం ఉన్న మనిషి నీళ్లు తాగితే ఇంకెంత బలంగా ఉంటుందో అనుకున్నాను. కానీ మర్నాటికి ఆ బలమూ పోయింది. పెదాలు పగిలాయి, కళ్లు లోపలికి పోయాయి, మాట తడబడడం మొదలైంది. నాకు భయం పట్టుకుంది. కాపురానికి వచ్చిన తొలిరోజు నేను అమ్మ కోసం ఏడుస్తుంటే, ఒక్క మాట అనకుండా తన గొంగడి తెచ్చి నా మీద కప్పిన మనిషి ఆమె. తెల్లారి ఆ గొంగడికి ముక్కు తుడిచానని తిట్టింది, అది వేరే సంగతి. నోరు చెడ్డది గానీ చెయ్యి మంచిది. ఆమె లేని ఇంట్లో నేను ఉండలేను.

పక్కింటి జన్నత్ బీని వెంటబెట్టుకొని ఆఫీసుకు పోయాను. జన్నత్ బీ భర్త చోటే మియా గాజులు అమ్ముతాడు. ఆయనకు జరం తగ్గి ఈమెకు పట్టుకునేలా ఉంది, అయినా బురఖా వేసుకొని వచ్చింది. సఫాయి జమేదారు వరండాలో కుర్చీ వేసుకొని, మెడలో కర్పూరం మూట కట్టుకొని కూర్చున్నాడు. మమ్మల్ని దూరం నుంచే ఆపాడు. తాళం పైవాళ్ల హుకుం అన్నాడు, ఊడ్చే పుల్లమ్మకూ జరమే అన్నాడు, అసలు గుంపుగా వచ్చి ఆఫీసులో నిలబడడమే తప్పన్నాడు. మేమున్నది ఇద్దరం. జరం తగ్గాక తాళం తీస్తారట, అప్పటిదాకా ఓపిక పట్టాలట.

జన్నత్ బీ బురఖా లోంచి నెమ్మదిగా అంది. "మంచిదే సాబ్. జనానాకు తాళమేసిన్రు. మరి మాగ్గూడ తలో తాళం ఇప్పిస్తే, జరం తగ్గేదాంక ఏస్కుంటం."

లోపల గుమస్తాలు ఒక్కసారిగా కాగితాల్లోకి తలలు దూర్చారు. జమేదారు చెవులు ఎర్రబడ్డాయి గానీ తాళం మాత్రం కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త కళ్లు మూసుకొనే ఏదో అంటూ ఉంది. దగ్గరికి పోయి విన్నాను. తడకలకు చెద పడుతుంది, ఎండలో వెయ్యి అంటూ ఉంది. చావు ముంచుకొస్తున్నా ఆమె ధ్యాస మంద మీదే. గొర్లను రాత్రిపూట చేనులో మందగా నిలపడానికి చుట్టూ పెట్టే వెదురు తడకలు అవి. మా ఇంటి వెనక గోడకు ఆనించి ఉన్నాయి. చేనులో మంద పెడితే రైతుకు ఎరువు, మాకు జొన్నలు. రోజుకో జాగా మారుస్తూ చేనంతా తిప్పుతాం. సరే, ఆమె మాట ఎందుకు కాదనాలని ఒక్కొక్కటీ పెరట్లోకి లాగి, ఒకదానికొకటి ఆనించి చదరంగా నిలబెట్టాను. పని అయ్యాక ఆ తడకల నడుమే కూలబడి ఏడ్చాను.

అంతలో జన్నత్ బీ గంజి పట్టుకొని వచ్చింది. సైదమ్మా, సైదమ్మా అని పిలిచింది. ఇంట్లో చూసింది, పెరట్లోకి వచ్చింది, తడకల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. "గీ పిల్ల యాడికి పోయింది" అని తనలో తాను అనుకుంటూ వెనుదిరిగింది.

నేను ఆమెకు చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చొని ఉన్నాను.

నేను లేచి నిలబడ్డాను. తడక మీదుగా ఆమె నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. ఆమె చేతిలో గంజి గిన్నె వంకర పోయింది, గంజి కారుతున్నా చూసుకోలేదు. నేను మళ్లీ కూర్చున్నాను. "కనవడ్తున్ననా?" అని అడిగాను. "లేదు," అంది. మళ్లీ లేచాను. "ఇప్పుడు కనవడ్తున్నవ్," అంది. ఇద్దరు పెద్దమనుషులం, పిల్లల్లా అట్లా లేస్తూ కూర్చుంటూ ఎంతసేపు ఆడామో. ఏడుపు ఎటు పోయిందో నాకే తెలియదు.

మా గల్లీ చివర గుర్వయ్య చేను ఉంది. ఎర్రచలక. దున్ని పెట్టుకొని వాన కోసం చూస్తున్నాడు. చీకట్లో ఆ చేనులో ఆడమనిషి నీడ కనబడితే చాలు, మట్టిపెళ్ల విసిరే మనిషి. పిసినారి అని పేరు. పిల్లికి బిచ్చం పెట్టడు. మేమిద్దరం పోయి ఆయన ముందు నిలబడ్డాం.

"పటేలా, నీ చేన్ల మంద పెట్టనీకె అడగొచ్చిన," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. రెండేళ్లుగా మా మంద కోసం అడుగుతున్నాడు, మా ఆయనేమో ఎక్కువ జొన్నలిచ్చేవాళ్ల చేలకే తోలుతున్నాడు. "వచ్చినయా గొర్లు?" అన్నాడు.

ఉన్నమాట చెప్పాను. గొర్లు కృష్ణ ఒడ్డున ఉన్నాయి, ఇది ఆడవాళ్ల మంద అన్నాను. తెల్లారగట్ల నువ్వు నాగలితో రెండు సాళ్లు లోతుగా కొట్టు, చుట్టూ మా తడకలు పెడతాం, పొద్దుగూకాక మట్టి కప్పేస్తాం, మర్నాడు తడకలు ఇంకో జాగాకు జరుపుతాం అని చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన మొహం రంగులు మారింది. వంగి మట్టిపెళ్ల తీశాడు. జన్నత్ బీ ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ ఆయన దాన్ని విసరలేదు. వేళ్లతో నలిపాడు. సత్తువ లేని మట్టి, దుమ్ములా రాలిపోయింది. దాని వంక చూశాడు, చేను వంక చూశాడు, మళ్లీ మా వంక చూడకుండానే అడిగాడు.

"దినానికో జాగ మారుస్తరా?"

మేక ఆకు దగ్గరికి వచ్చిందని నాకు అప్పుడే తెలిసిపోయింది. "మారుస్తం పటేలా."

"చేను మొత్తం తిరగాలె మల్ల. ఒక్క మూలకే పెడితే నేనూకోను."

జన్నత్ బీ బురఖాలో దగ్గింది. అది జరం దగ్గు కాదు. గుర్వయ్య మాత్రం బేరంలో పడిపోయాడు. అలవాటు కొద్దీ, మంద పెట్టినందుకు ఏమివ్వాలని అడిగాడు. రోజూ పొద్దున ఒక కాగు నిండా నీళ్లు తెచ్చి పెట్టాలని, తెల్లారాక నువ్వు గానీ నీ కొడుకులు గానీ ఆ దిక్కు మొహం పెట్టకూడదని చెప్పాను. ఒప్పుకున్నాడు. మందకు మాట కుదిరితే రైతు కాపరి ఒళ్లో దోసెడు జొన్నలు పోస్తాడు. అది పోశాక మాట తప్పిన రైతును నేను ఇంతవరకు చూడలేదు. గుర్వయ్య లోపలికి పోయి జొన్నలు తెచ్చి నా కొంగులో పోశాడు. పోస్తూ, ఈ బేరం సంగతి ఎవరికీ చెప్పొద్దని గొణిగాడు. మర్నాడు పొద్దెక్కేసరికి ఊళ్లో ఆ సంగతి తెలియంది గుట్ట మీది కోతులకే.

ఆ పొద్దును తలుచుకుంటే ఇప్పటికీ నా ఒంట్లో రక్తం ఉరుకుతుంది. తడకల మీద గొంగళ్లు కప్పాం, లోపల నడుమ నడుమ గోనెపట్టాలు కట్టి ముగ్గురు ముగ్గురుగా పోయేలా చేశాం. జన్నత్ బీ తన ఇంటి గుమ్మానికి ఉన్న పూల పరదా విప్పుకొచ్చి వాకిలికి కట్టింది. ఇంటికి పరదా లేకపోతే ఎట్లా అని చోటే మియా అడిగితే, ఇల్లు రెండు రోజులు పరదా లేకుండా బతుకుతుంది, నేను బతకను అందట. డాక్టరు చెప్పినట్లు దూరం దూరంగా నిలబడి వచ్చారు ఆడవాళ్లు. పట్టపగలు, చెంబులు దాచుకోకుండా, తల దించుకోకుండా వచ్చారు. జరం తగ్గి కాళ్లు వణికే ముసలమ్మలు వచ్చారు, బాలింతలు వచ్చారు. బయటికి వచ్చిన ఒక్కొక్కరి మొహం చూడాలి. పండగ బట్టలు కట్టుకున్నా అంత వెలుగు రాదు. ఒకామె కాగు దగ్గర ఆగి కడుపునిండా నీళ్లు తాగి, మళ్లీ పోయి వరసలో నిలబడింది. అందరం నవ్వితే, తాగినా భయం లేదని నమ్మకం కలగాలి కదా అంది.

పుల్లమ్మ ఒక్కతే చేను గట్టు మీద దూరంగా నిలబడింది. జరం తగ్గి లేచిన మొదటి రోజట. జన్నత్ బీ రమ్మని చెయ్యి ఊపింది. ఎవరన్నా ఏమన్నా అంటారని ఆమె తల అడ్డంగా ఊపి, పొద్దంతా గట్టు మీదే కూర్చొని మమ్మల్ని చూసి పోయింది.

నేను ఇంటికి ఉరికాను. అత్త తల ఒళ్లో పెట్టుకొని అంతా చెప్పాను. నీ తడకలే అత్తా, నువ్వు ఎండలో వెయ్యమన్న తడకలే అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. పిచ్చిదాన్ని. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఏడాదికొకసారి బీరప్ప పేరు చెప్పి పసుపు రాసి, మొక్కి ఎత్తే తడకలు అవి. మా ఇంటికి లక్ష్మి. వాటిని ఏ పనికి పెట్టావని గొంతు చించుకోబోయింది, గొంతులో తడి లేక మాట గురకలా వచ్చింది.

"మైలవడ్డ తడకలల్ల గొర్రె అడుగు పెట్టది. మా మామ చెప్పిండు, మామకు వాళ్లయ్య చెప్పిండు. నా కొడుకొచ్చిననాడు గొర్లు ఎనుకకు తిరుగుతయ్. మంద ఆగమైతది. గప్పుడు తెలుస్తది నీకు."

తల గోడ వైపు తిప్పుకుంది. చెంబు తెస్తే చూడలేదు. చెంచాతో పెదాల మధ్య పోస్తే పక్కకు కార్చేసింది. ఊరంతా నీళ్లు తాగుతోంది. ఎవరి కోసం నేను ఇదంతా చేశానో ఆమె ఒక్కతే తాగడం లేదు. డాక్టరు మళ్లీ వచ్చి చెయ్యి మీద చర్మం లాగి చూసి, నిండుగా ఉన్న చెంబు చూసి తల అడ్డంగా ఊపాడు.

మర్నాటికే మిర్గం కార్తె వచ్చింది, వాన రాలేదు. తడకలు తీసేద్దామా అని ఒక మనసు, తీస్తే ఇంతమంది గతి ఏమిటని ఒక మనసు. ఎటూ తేలకుండానే ఆ సాయంత్రం వచ్చింది.

పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. నేను పరదా దగ్గర కాపలా ఉన్నాను. లోపల జన్నత్ బీ, ఇంకో ఇద్దరు. దూరంగా దారి మీద ఎర్రటి దుమ్ము లేచింది. గంటల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. మా గొర్లు. వలస నుంచి తిరిగి వస్తున్నాయి, ఇంటి గాలి తగిలి ఉరుకుతున్నాయి. వెనకాల ఎక్కడో మా ఆయన. ఆ మందకు మా ఇల్లు తెలుసు, మా గల్లీ తెలుసు, అన్నింటికన్నా బాగా మా తడకలు తెలుసు. పొద్దుగూకే వేళ చేనులో తడకలు నిలబడి ఉంటే ఏం చెయ్యాలో పుట్టినప్పటినుంచీ వాటికి ఒక్కటే పాఠం.

నేను చేతులు చాపి అడ్డం పోయాను. హో హో అని అరిచాను. గొర్లు నన్ను గడ్డిపోచ కింద కూడా లెక్కచెయ్యలేదు. ముందున్న పొట్టేలు పూల పరదాలో తల దూర్చింది, వెనక ఉన్నవన్నీ దాని వెంట పడ్డాయి. గొర్రె దాటు సామెతకు ఆ రోజు నాకు అర్థం తెలిసింది. లోపల నుంచి తెలుగులో ఒక కేక, ఉర్దూలో రెండు కేకలు. గోనెపట్టాలు తెగిన చప్పుడు. ఇద్దరు ఆడవాళ్లు తడకలు దూకి పరుగెత్తారు. చివరకు జన్నత్ బీ బయటికి వచ్చింది, బురఖా కొసను కొమ్ముకు తగిలించుకున్న పొట్టేలును వెంటబెట్టుకొని.

మా ఆయన గట్టెక్కి ఒక్క క్షణం చూశాడు. ఏమీ అర్థం కాలేదు గానీ, తను చూడకూడనిదేదో అక్కడ ఉందని మాత్రం అర్థమైంది. గిరుక్కున వెనక్కి తిరిగి, గొంగడి నెత్తి మీదుగా కప్పుకొని, చేనులో కూర్చుండిపోయాడు.

"నీ గొర్లకు పరదా లిహాజ్, మరియాద లేదా జానయ్యా," అంది జన్నత్ బీ, ఆయాసపడుతూ.

"నాకేం కనవడలె బీబమ్మా," అన్నాడు గొంగడి లోపలి నుంచి. "నాకు గొర్లే కనవడ్డయ్."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. పారిపోయిన ఇద్దరూ గట్టు మీద కూలబడి నవ్వారు. జన్నత్ బీ కొమ్ముకు చిక్కిన బురఖా విడిపించుకుంటూ నవ్వింది. నేను నవ్వుతూనే తడకల వైపు చూశాను, చూసి నవ్వు ఆపేశాను. గొర్లు లోపల ఒకదానికొకటి ఆనుకొని, కాళ్లు మడిచి పడుకొని, నెమరు వేస్తున్నాయి.

ఇంటికి ఉరికాను. చేను దగ్గరే కదా, ఆ గోలంతా ఇంట్లోకి వినబడింది. అత్త గోడకు ఆనుకొని లేచి కూర్చొని ఉంది. ఎవరు లేపారో, ఎట్లా లేచిందో తెలియదు. గంటల చప్పుడు విన్నాను, గొర్లు వచ్చాయా అని అడిగింది. వచ్చాయన్నాను.

"ఎనుకకు తిరిగినయా?"

"లేదత్తా. ఉరికి ఉరికి తడకలల్ల సొచ్చినయ్. రమ్మన్నా వస్తలెవ్వు. పండుకొని నెమరేస్తున్నయ్."

ఆమె గోడకు ఇంకాస్త నిటారుగా ఆనుకుంది. తరువాత మెల్లగా అడిగింది. "లోపల మనుషులున్నరా అప్పుడు?"

"జన్నత్ బీ ఉన్నది."

పగిలిన పెదాల చివర ఏదో కదిలింది. పొట్టేలు సంగతి, బురఖా సంగతి, కొడుకు గొంగడి కప్పుకొని కూర్చున్న సంగతి చెప్పాను. అత్త నవ్వింది. చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా, గోడ పట్టుకొని నవ్వింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఎండిన ఒంట్లో ఆ నీళ్లు ఎక్కడ దాచుకుందో. నవ్వు ఆగాక బీరప్ప మూల వైపు ఒకసారి చూసింది.

"మైల ఏదో కాదో గొర్రెకు తెల్వదా. గొర్లే సొచ్చినంక నేనెంతదాన్ని," అంది. "ఆ చెంబిటియ్యి."

ఇచ్చాను. గటగటా తాగింది. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. చెంబు ఖాళీ చేసి, మళ్లీ నా వైపు చాపింది.

తరువాత జరిగింది అంతా పరుగే. మర్నాడు మిట్టమధ్యాహ్నం అత్త నా భుజం పట్టుకొని తడకల దాకా నడిచింది. వారం తిరిగేసరికి నా భుజం వదిలేసి, పరదా పక్కన కూర్చొని అందరి మీద పెత్తనం మొదలుపెట్టింది. మట్టి సరిగ్గా కప్పని వాళ్లను వెనక్కి పిలిచి కప్పించేది. గొర్లకు వేరే తడకలు అల్లుకోమని కొడుకుకు చెప్పింది. ఆరుద్రలో వాన పడింది. గుర్వయ్య చేనులో జొన్న మొలక పచ్చగా కాదు, నల్లగా లేచింది. అది చూసి పక్క చేను రైతు ఒకడు, దాని పక్కవాడు ఇంకొకడు మా వాకిట్లోకి వచ్చి, ఆడవాళ్ల మంద మా చేనుకు ఎప్పుడు తోలుతారని నోరు తిరగక, నేల చూస్తూ అడిగారు. అత్త వాళ్లను నిలబెట్టి, కాగు ఎంత పెద్దదో ముందు చూపించమనేది.

జరం తగ్గుముఖం పట్టింది. ఒకరోజు పొద్దున జమేదారు మా ఇంటికే వచ్చాడు. మెడలో కర్పూరం మూట లేదు. వెనక పుల్లమ్మ, చేతిలో చీపురు, గంప. జనానా తాళం తీసి చాలా రోజులైందట, ఒక్క ఆడమనిషీ తొంగి చూడడం లేదట, పైవాళ్లు చూడ్డానికి వస్తున్నారట. కొంచెం మీ ఆడవాళ్లకు చెప్పి పంపించమని అత్తను బతిమాలాడు.

అత్త అరుగు మీద కూర్చొని ఉన్ని ఏరుతోంది. అంతా విని, నా వైపు తిరిగింది.

"సైదమ్మా, చెంబెడు నీళ్లు తే."

తెచ్చాను. జమేదారు నిలబడి చూస్తుండగా, తొందర లేకుండా, చివరి చుక్క దాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. తరువాత మాట్లాడింది, ఆయనతో కాదు.

"పుల్లమ్మా, ఇన్నేండ్లు ఆ జనానా ఊడ్చినవ్. ఎన్నడన్న అందుల కూసున్నవా?"

పుల్లమ్మ జమేదారు వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "లేదవ్వా. ఊడ్వనీకే పోతి."

"మల్ల జరమొస్తే మల్ల తాళమేస్తరు గద సాబ్?" అని అడిగింది అత్త. ఆయన చెయ్యి మెడలో లేని కర్పూరం మూటను తడుముకుంది. "మా తడకలకు తాళం లేదు," అంటూ అత్త లేచింది. "నడు పుల్లమ్మా. గంప గిక్కడ దించు."

పుల్లమ్మ నా వైపు చూసింది. నేను చెంబు నింపి ఆమె చేతికి ఇచ్చాను. అరుగు కింద గంప, దాని మీద చీపురు పెట్టి ఆమె బయల్దేరింది. పుల్లమ్మ నీడ మీద పడితే పక్కకు జరిగి నడిచే మనిషి మా అత్త. నేను గల్లీ చివరి దాకా వెనకాలే పోయాను. ఎండ కళ్లు మూయిస్తోంది. గట్టు మీద పుల్లమ్మ అలవాటు కొద్దీ ఆగిపోయింది. అత్త ఆగలేదు. పోయి, పూల పరదా తన చేత్తో పైకెత్తి పట్టుకొని వెనక్కి తిరిగింది.

"నువ్వు ముందు సొర్రు," అంది.